గని చావుకు నివేదిక, ఖాకీ చావుకు వందనమేనా?

కోలార్ జిల్లాది ఒక అరుదైన ఏర్పాటు. జిల్లా ఒక్కటే గానీ పోలీసు జిల్లాలు రెండు. కోలార్‌లో ఒక ఎస్పీ ఉంటారు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, చాంపియన్ రీఫ్స్, మారికుప్పం, బంగారపేట, బేతమంగల, కామసముద్రం వంటి ఠాణాలకు బంగారు గనుల పట్టణం కేజీఎఫ్‌లో మరో ఎస్పీ ఉంటారు. మైసూరు సంస్థానం రోజుల్లో, బంగారు గనులు ఆంగ్లేయ కంపెనీ చేతుల్లో ఉన్నప్పుడు మొదలైన పద్ధతి ఇది. బంగారం దొంగతనాలను ఆపడానికీ, వేలాది కార్మికుల మీద కన్నేసి ఉంచడానికీ అప్పట్లో ప్రత్యేక పోలీసు కావలసి వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి, పోలీసు జిల్లా మాత్రం మిగిలింది. అందుకే ఏటా అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ ఈ జిల్లాలో రెండు చోట్ల జరుగుతుంది. తుపాకులు తలకిందులు చేసి సిబ్బంది నిలబడతారు. ఆ ఏడాది దేశమంతటా విధి నిర్వహణలో చనిపోయినవారి పేర్లు చదువుతారు. స్మారకం దగ్గర పూలగుచ్ఛాలు ఉంచుతారు, గాలిలోకి మూడు సార్లు కాల్పులు జరుపుతారు, బ్యూగిల్ ఊదుతారు, మౌనం పాటిస్తారు. గంట తిరక్కముందే ఎవరి డ్యూటీకి వారు వెళ్లిపోతారు. ఈ వందనం ఉండాల్సిందే. అయితే చనిపోయినవారికి మనం చెల్లించాల్సిన బాకీ దానితో తీరిపోదు. ఆ మనిషి ఎలా చనిపోయాడు, ఆ చావును తప్పించే వీలుందా, మళ్లీ అలాంటిది జరగకుండా ఏం చేశారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడమే అసలైన గౌరవం. ఆ జవాబు ఎలా రాబట్టాలో దేశంలో ఏ ఊరికైనా తెలుసంటే అది ముందుగా కేజీఎఫ్‌కే తెలియాలి. ఎందుకో చెప్పేముందు ఈ దినం ఎలా వచ్చిందో చూడాలి.

1959లో టిబెట్ సరిహద్దును కాపాడే పని సైన్యానిది కాదు, పోలీసులది. ఆ ఏడాది అక్టోబరు 20న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ నుంచి మూడు బృందాలు ముందున్న ప్రాంతాన్ని చూసి రావడానికి వెళ్లాయి. రెండు తిరిగొచ్చాయి. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక కూలీ ఉన్న మూడో బృందం రాలేదు. మరుసటి రోజు అధికారి కరమ్ సింగ్ ఇరవై మంది దాకా సిబ్బందిని వెంటబెట్టుకుని వారిని వెతకడానికి బయల్దేరారు. కొండ మీద మాటు వేసిన చైనా సైనికులు కాల్పులు మొదలుపెట్టారు. కింద ఉన్నవారికి దాక్కోవడానికి చోటు లేదు. పది మంది చనిపోయారు, గాయపడిన ఏడుగురిని చైనావారు పట్టుకుపోయారు. మృతదేహాలను నవంబరు 13న గానీ అప్పగించలేదు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్లు సమావేశమై అక్టోబరు 21ని దేశమంతటా పాటించాలని తీర్మానించారు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ పది మంది యుద్ధానికి వెళ్లలేదు. తప్పిపోయిన తోటివారిని వెతకడానికి వెళ్లారు. పోలీసు ఉద్యోగంలో చావు చాలాసార్లు ఇలాగే, మామూలు పని మధ్యలోనే వస్తుంది. సంస్మరణ దినం పుట్టిందే అలాంటి ఘటన నుంచి అయినా, మన ఊహలో పోలీసు అమరుడంటే తుపాకీ పట్టి శత్రువుతో తలపడుతూ నేలకొరిగినవాడే. ఈ ఊహ దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఢిల్లీలోని చాణక్యపురిలో 2018 అక్టోబరు 21న జాతీయ పోలీసు స్మారకాన్ని ప్రారంభించారు. ముప్పై అడుగుల నల్లరాతి స్తంభం, దాని వెనక పేర్లు చెక్కిన గోడ. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి విధుల్లో చనిపోయిన 34,844 మంది పేర్లు ఆనాటికి ఆ గోడకెక్కాయి. 2024 నాటికి ఆ లెక్క 36,468కి చేరింది. గోడ మీద అందరివీ ఒకే సైజు అక్షరాలు. పెద్ద అధికారి పేరుకూ కానిస్టేబుల్ పేరుకూ తేడా ఉండదు. ఇది మంచి పద్ధతే. మన ఊళ్లలో నిలబెట్టే విగ్రహాలకు ఈ సమానత్వం లేదు. 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు సంజీవరెడ్డి నగర్ కూడలిలో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రను నక్సలైట్లు చంపారు. ఆయన విగ్రహం అక్కడ నిలబడింది, ఆ దారిన వెళ్లే ప్రతి ఒక్కరికీ ఆయన పేరు తెలుసు. అదే ఘటనలో ప్రాణం పోగొట్టుకున్న గన్‌మన్ పేరు ఎందరికి తెలుసు? అయితే ఢిల్లీ గోడ కూడా పేరు చెబుతుంది గానీ కారణం చెప్పదు. ఇన్ని వేల పేర్లలో తూటాకు బలైనవారెందరు, లారీ కింద పడినవారెందరు, నిద్రలేక స్టీరింగ్ మీద వాలిపోయినవారెందరు, కరోనా రోజుల్లో చెక్‌పోస్టులో నిలబడి జబ్బు తెచ్చుకున్నవారెందరు అన్నది గోడను చూసి తెలుసుకోలేం. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే నివేదికలో విధుల్లో చనిపోయిన పోలీసుల లెక్క వేరుగా ఉంటుంది. అందులో ఏళ్ల తరబడి పెద్ద వాటా ప్రమాదాలదే. ఉగ్రవాదులు, తీవ్రవాదులు, రౌడీల చేతుల్లో చనిపోయినవారికంటే రోడ్డు మీద చనిపోయినవారే ఎక్కువ.

కోలార్ జిల్లా వాసులకు ఈ మాట కొత్త కాదు. బెంగళూరు నుంచి కోలార్, ముళబాగిలు, నంగలి మీదుగా పలమనేరు, చిత్తూరు వెళ్లే జాతీయ రహదారి రాత్రింబవళ్లు పోలీసు వాహనాలు తిరిగే దారి. నేరం కర్ణాటకలో, నిందితుడు ఆంధ్రలో. లేదా దానికి తలకిందులు. గంజాయి, ఎర్రచందనం, దొంగ బంగారం, పారిపోయిన నిందితులు, అన్నిటికీ ఇదే దారి. 2022 జులై 24న బెంగళూరు శివాజీనగర్ ఠాణాకు చెందిన బృందం ఒకటి గంజాయి కేసు నిందితుల కోసం ఈ దారిన ఆంధ్రకు వెళ్లింది. చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర తెల్లవారుజామున కారు ప్రమాదానికి గురైంది. ఎస్‌ఐ అవినాశ్, కానిస్టేబుల్ అనిల్, కారు నడుపుతున్న ప్రైవేటు డ్రైవరు చనిపోయారు. మిగిలినవారు గాయపడ్డారు. ముగ్గురూ ఒకే కారులో, ఒకే పని మీద, ఒకే క్షణంలో పోయారు. కానీ అమరుల జాబితా ఖాకీ వేసుకున్నవారిదే గనక డ్రైవరుకు అందులో చోటుండదు. ప్రభుత్వ వాహనమూ ప్రభుత్వ డ్రైవరూ ఉంటే ఆ మూడో మనిషి ఆ కారులో ఉండేవాడే కాదు. వేరే రాష్ట్రానికి నిందితుల వేటకు వెళ్లేటప్పుడు ఎంతసేపు విశ్రాంతి తీసుకోవాలి, రాత్రి ప్రయాణం ఎప్పుడు తప్పనిసరి, ఎప్పుడు కాదు, ఏ వాహనంలో వెళ్లాలి, ఎవరు నడపాలి అన్నవి ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు. ఇందులో వీరత్వం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. అన్నీ ఏర్పాట్ల గురించే.

అలసట సంగతే తీసుకుందాం. కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 2019లో వెలువరించిన పోలీసు నివేదిక కోసం 21 రాష్ట్రాల్లో దాదాపు పన్నెండు వేల మంది సిబ్బందిని అడిగారు. సగటున రోజుకు పద్నాలుగు గంటలు పనిచేస్తున్నామని వారు చెప్పారు. దాదాపు సగం మందికి వారానికి ఒక్క రోజు కూడా సెలవు దొరకదు. కర్ణాటకలో ఈ అసంతృప్తి 2016లో బయటపడింది. పనిగంటలు, జీతం, సెలవుల సమస్యల మీద జూన్ 4న సామూహిక సెలవు పెడతామని కానిస్టేబుళ్లు ప్రకటించారు. ప్రభుత్వం గట్టిగా అణచివేసింది, పిలుపునిచ్చిన సంఘం నాయకుడి మీద రాజద్రోహం కేసు పెట్టింది. తర్వాత జీతాల సవరణ కోసం సీనియర్ అధికారి రాఘవేంద్ర ఔరాద్కర్ నేతృత్వంలో కమిటీ వేసింది. దాని సిఫార్సులు జీతాల్లో కనబడటానికి 2019 దాకా పట్టింది. బతికుండగా సెలవు అడిగితే క్రమశిక్షణ తప్పినట్టు, అలసటతో చనిపోతే అమరుడైనట్టు! ఈ రెండు మాటలూ ఒకే శాఖ నోటి నుంచి వస్తే వినేవాడికి వందనం మీద నమ్మకం ఎలా కలుగుతుంది? రాత్రంతా బందోబస్తు చేసిన మనిషి తెల్లారి అమరవీరుల కవాతులో నిలబడాల్సి వస్తే ఆ కవాతు ఎవరి కోసం జరుగుతున్నట్టు?

ఇప్పుడు కేజీఎఫ్ గనుల సంగతికి వద్దాం. చాంపియన్ రీఫ్ గని దాదాపు 3,200 మీటర్ల లోతుకు వెళ్లింది. ఒకప్పుడు ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో అదొకటి. అంత లోతులో పైనున్న రాతి బరువు భరించలేక సొరంగం గోడ ఒక్కసారిగా పేలిపోతుంది. గనివాళ్లు దాన్ని రాక్‌బరస్ట్ అంటారు. హెచ్చరిక ఉండదు, తప్పించుకునే వ్యవధి ఉండదు. ఆ పేలుళ్లలో ఎందరో తమిళ, తెలుగు, కన్నడ కూలీలు చనిపోయారు. మొదట్లో వాటిని విధి రాత అనుకున్నారు. తర్వాత ఒక్కొక్క పేలుడుకూ చోటు, సమయం, లోతు, రాతి స్వభావం నమోదు చేయడం మొదలుపెట్టారు. ఏ వరసలో తవ్వితే ఒత్తిడి ఎక్కడ పోగవుతుందో తెలిశాక తవ్వే వరస మార్చారు. ఖాళీలను కట్టెలతో వదిలేయకుండా గ్రానైటుతో, కాంక్రీటుతో నింపారు. 1970ల చివర్లో భూమి కంపనాలను పట్టే యంత్రాల వ్యవస్థను ఏర్పాటు చేశారు. 1988లో జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థ కేజీఎఫ్‌లోనే ఏర్పడింది. ఇవాళ దేశంలో ఆనకట్టలకూ సొరంగాలకూ అక్కరకొస్తున్న ఆ విద్య కొంతవరకు ఈ గనుల్లో పోయిన ప్రాణాలు నేర్పిన పాఠమే. చట్టం కూడా ఆ దారినే నడిచింది. 2025 దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం గనిలో ప్రాణం పోతే యజమాని వెంటనే తెలియజేయాల్సి ఉండేది. అధికారి చూసేదాకా ఆ చోటును కదిలించడానికి వీలుండేది కాదు. సమాచారం అందిన రెండు నెలల్లోగా విచారణ జరగాల్సి ఉండేది. పెద్ద ప్రమాదమైతే విచారణ న్యాయస్థానాన్ని వేసే అధికారం కేంద్రానికి ఉండేది, ఆ నివేదికను ప్రచురించే వీలూ ఉండేది. ఈ విచారణలన్నీ న్యాయంగా జరిగాయని ఎవరూ అనరు. తప్పంతా చచ్చిపోయిన కూలీ మీదకే నెట్టిన సందర్భాలు గనుల చరిత్రలో కొల్లలు. రాతి ధూళితో ఊపిరితిత్తులు రాయిలా మారి, ఇంటికెళ్లి మెల్లగా చనిపోయినవారు ప్రమాదాల లెక్కలోకి రానే లేదు. అయినా గనిలో చావుకు కారణం ఉంటుందనీ, దాన్ని వెతకడం యజమాని దయ కాదు, చట్టం విధించిన బాధ్యత అనీ ఒక సూత్రం నిలబడింది.

పోలీసు చావుకు ఇలాంటి సూత్రం లేదు. నేరగాడు చంపితే కేసు నమోదవుతుంది, శవ పంచనామా జరుగుతుంది, కోర్టు దోషి ఎవరో తేలుస్తుంది. కుటుంబానికి పరిహారం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తాయి. శాఖలో అంతర్గత విచారణ జరిగినా అందులో తేలింది ఏమిటో బయటి వాళ్లకు తెలియదు, పక్క జిల్లా ఠాణాకు కూడా తెలియకపోవచ్చు. ఎవరు చంపారని కోర్టు అడుగుతుంది. ఎందుకు చంపగలిగారని ఎవరూ అడగరు. 2005 ఫిబ్రవరిలో తుమకూరు జిల్లా పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లిలో జరిగింది గుర్తు తెచ్చుకోండి. అది తెలుగు మాట్లాడే సరిహద్దు పల్లె. మావోయిస్టు నాయకుడు సాకేత్ రాజన్ చిక్కమగళూరు అడవిలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయి వారమైనా కాలేదు. ప్రతీకారం ఉంటుందని ఎవరైనా ఊహించగల రోజులవి. రాత్రివేళ పెద్ద దండుగా వచ్చిన మావోయిస్టులు ఆ ఊళ్లో మకాం వేసిన రాష్ట్ర రిజర్వు పోలీసుల మీద పడ్డారు. పలువురు జవాన్లు, వారితో పాటు ఒక సామాన్యుడు చనిపోయారు. ఆ శిబిరానికి ఆ చోటు ఎవరు ఎంచారు, కాపలా ఎలా ఉంది, ముందస్తు సమాచారం వారిదాకా చేరిందా? ప్రతి సంస్మరణ దినాన ఆ జవాన్లను వీరులుగా తలుచుకుంటాం గానీ ఈ ప్రశ్నలకు ప్రజల ముందు పెట్టిన జవాబు ఎక్కడ? 2024 ఫిబ్రవరి 6న అన్నమయ్య జిల్లా కేవీపల్లె మండలంలో ఎర్రచందనం ముఠా కారును ఆపబోయిన టాస్క్‌ఫోర్స్ కానిస్టేబుల్ గణేశ్‌ను దుండగులు అదే కారుతో గుద్ది చంపారు. వేగంగా వస్తున్న వాహనాన్ని మనిషి ఎదురుగా నిలబడి ఆపాల్సి రావడం ఆ రోడ్లన్నిటి మీదా ఉన్న ప్రమాదమే. బారికేడ్లు, మేకుల పట్టీలు, వాహనాన్ని ముందే గుర్తుపట్టే కెమెరాలు ఎక్కడెక్కడ ఉండాలో గణేశ్ మరణం మీద రాసిన ఒక మంచి నివేదిక చెప్పగలదు. అది నంగలి చెక్‌పోస్టులో రాత్రి డ్యూటీ చేసే కానిస్టేబుల్ చేతికి అందితే, గణేశ్ ప్రాణం ఇంకొకరి ప్రాణాన్ని కాపాడినట్టే.

ఇక్కడ పోలీసు శాఖ నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. చనిపోయినవాడి పొరపాట్లు ఎత్తి చూపిస్తే కుటుంబం కుంగిపోతుంది, సిబ్బంది స్థైర్యం దెబ్బతింటుంది, ఆపరేషన్ల రహస్యాలు శత్రువుకు తెలిసిపోతాయి అంటారు. రహస్యం సంగతి కొంతవరకు నిజమే. 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మీద వెళ్తున్న ఆంధ్ర గ్రేహౌండ్స్ దళం మీద మావోయిస్టులు కొండల మీద నుంచి కాల్పులు జరిపారు. ముప్పై ఎనిమిది మంది చనిపోయారు. అలాంటి చోట దారులు, సంకేతాలు, ఇన్ఫార్మర్ల వివరాలు బయటపెట్టకూడదు. కానీ పోలీసు చావుల్లో అత్యధిక భాగం రోడ్డు ప్రమాదాలు, అనారోగ్యం, బందోబస్తు అలసట. అందులో దాచాల్సిన రహస్యం ఏముంది? కుటుంబం బాధ సంగతి చూస్తే, ఏం జరిగిందో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ. తప్పు చనిపోయినవాడిదే అయినా, అతని చేత ఆ తప్పు చేయించిన పరిస్థితిని రాయవచ్చు. వరసగా రెండు రాత్రులు నిద్రపోని మనిషి కారు నడిపితే ఆ తప్పు అతనొక్కడిదే కాదు. స్థైర్యం అన్నది పై అధికారి తన ప్రాణాన్ని లెక్కలోకి తీసుకున్నాడన్న నమ్మకం నుంచే వస్తుంది. తన చావు వృథా కాదన్న హామీ కంటే, తన చావును తప్పించడానికి ప్రయత్నం జరుగుతోందన్న హామీ కానిస్టేబుల్‌కు ఎక్కువ బలం.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది, ఈ జిల్లాలో దాన్ని తేలిగ్గా తోసేయలేం. పోలీసులను గౌరవించమంటున్నారు సరే, పోలీసు తూటాలకు బలైనవారి మాటేమిటి? 1938 ఏప్రిల్ 25న అప్పటి కోలార్ జిల్లా గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థంలో జాతీయ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ముప్పై రెండు మంది చనిపోయారని కాంగ్రెసువారి లెక్క. ప్రభుత్వ లెక్క అంతకంటే తక్కువ. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని ఆ చోటికి పేరొచ్చింది. 1930లో గని కూలీల వేలిముద్రలు తీసుకోవాలన్న నిబంధన మీద మూడు వారాల సమ్మె జరిగినప్పుడూ, 1946 నవంబరు 4న ఆరుగురు కార్మికులు చనిపోయినప్పుడూ కేజీఎఫ్ కూలీల ఎదుట నిలిచింది పోలీసే. ఆ ఆరుగురిని ఇప్పటికీ అమరులుగా కార్మికులు తలుచుకుంటారు. అంటే కేజీఎఫ్‌లో అక్టోబరులో ఒక రకం అమరుల దినం, రెండు వారాలు తిరిగేసరికి నవంబరులో మరో రకం అమరుల దినం. రెండూ ఒకే ఊరివి. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాల్సిన పని లేదు. విధిలో చనిపోయిన కానిస్టేబుల్‌ను గౌరవించడమంటే శాఖ చేసిన ప్రతి పనికీ ముద్ర వేయడం కాదు. పైగా విచారణ అన్న పద్ధతి రెండు వైపులా పదును ఉన్నది. విదురాశ్వత్థం కాల్పుల మీద మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి వేపా రామేశం నాయకత్వంలో మైసూరు ప్రభుత్వానికి విచారణ సంఘాన్ని వేయక తప్పలేదు. జనం చావుకు కారణం అడిగే హక్కు ఉన్నట్టే పోలీసు చావుకు కారణం అడిగే హక్కూ జనానికి ఉంది. తన సిబ్బంది మరణాల మీద నిజం చెప్పడం అలవాటైన శాఖకు లాకప్ మరణాల మీద అబద్ధం చెప్పడం కాస్త కష్టమవుతుంది. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసు ఫిర్యాదుల సంస్థలు పెట్టమన్నది కూడా ఈ జవాబుదారీతనం కోసమే.

మూడో అభ్యంతరం, పోలీసులకే ఎందుకీ ప్రత్యేకం అన్నది. గనుల్లో పోయిన వేల మందికి ఢిల్లీలో గోడ లేదు. 2020 జులై 9న బంగారపేట తహసీల్దారు చంద్రమౌళేశ్వర తగాదాలో ఉన్న భూమిని కొలిపించడానికి దొడ్డ కలవంచి గ్రామానికి వెళ్లి కత్తిపోట్లకు బలయ్యారు. ఆయన చేసింది కూడా ప్రభుత్వ విధే. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో ఎర్రచందనం కూలీల దాడిలో ఇద్దరు అటవీ అధికారులు చనిపోయారు. ఈ ప్రశ్నకు కేజీఎఫ్‌లో పుట్టిన ఒక తెలుగు మనిషి తన పనితోనే జవాబు చెప్పారు. బెజవాడ విల్సన్ పాకీ పనివారి కుటుంబంలో పుట్టారు. మరుగుదొడ్లు, మ్యాన్‌హోళ్లు శుభ్రం చేస్తూ ఊపిరాడక చనిపోయే కార్మికుల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేని రోజుల్లో ఆయనా, సఫాయి కర్మచారి ఆందోళన్ మిత్రులూ ఊరూరా తిరిగి ఆ చావులను నమోదు చేశారు. ఆ పోరాటం ఫలితంగా 2014 మార్చి 27న సుప్రీంకోర్టు 1993 నుంచి అలా చనిపోయినవారందరినీ గుర్తించి ఒక్కో కుటుంబానికి పది లక్షల రూపాయలు ఇవ్వమంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. 2016లో విల్సన్‌కు మెగసెసె పురస్కారం వచ్చింది. ఇక్కడ నేర్చుకోవాల్సింది స్పష్టంగానే ఉంది. లెక్కలోకి ఎక్కని చావును ఆపడం ఎవరి వల్లా కాదు. పోలీసుల చావులు కనీసం పేర్లుగా లెక్కకెక్కాయి. కాబట్టి కారణాలతో సహా నమోదు చేయడం అక్కడి నుంచి మొదలుపెట్టడం తేలిక. అది అలవాటైతే తహసీల్దారుకూ, ఫారెస్టు గార్డుకూ, ప్రైవేటు డ్రైవరుకూ, పారిశుద్ధ్య కార్మికుడికీ అదే పద్ధతి అడగవచ్చు. ఒకరికి గౌరవం పెరిగితే ఇంకొకరికి తరగడానికి అదేమైనా రేషను బియ్యమా?

ఇంకో సందేహం కూడా వినబడుతుంది. ప్రమాదంలో పోయినవాడినీ, గుండెపోటుతో పోయినవాడినీ తూటాకు ఎదురెళ్లినవాడితో కలిపితే అమరుడన్న మాటకు విలువ తగ్గదా అని. ఎదురుకాల్పుల్లో ప్రాణమిచ్చినవారి ధైర్యం వేరు, దానికి శౌర్య పతకాలు ఉన్నాయి, ఉండాలి. సంస్మరణ దినం మాత్రం పతకాల దినం కాదు. ప్రభుత్వం పంపిన పని మీద వెళ్లి తిరిగిరాని మనిషిని తలుచుకునే రోజు. నిందితుడి కోసం వెళ్తూ పూతలపట్టు దగ్గర పోయిన ఎస్‌ఐ ఇంట్లో ఆ ఖాళీ ఎదురుకాల్పుల్లో పోయిన జవాను ఇంట్లోని ఖాళీకంటే చిన్నది కాదు. ధైర్యాన్ని కొలిచే తూకంతో నష్టాన్ని కొలవకూడదు. పైగా ప్రమాదాలను తక్కువ చావులుగా చూడటం వల్లే వాటిని ఆపే ప్రయత్నం వెనకబడింది. తూటా చొక్కాలకు నిధులు అడగడం గౌరవంగా కనిపిస్తుంది, సీటు బెల్టుల గురించీ నిద్ర గంటల గురించీ మాట్లాడటం చిన్నతనంగా అనిపిస్తుంది. కానీ చావుల లెక్క చూస్తే రెండోదే ఎక్కువ మందిని బతికిస్తుంది.

అందుకే చేయాల్సినవి కొన్ని, అవీ ఖర్చు లేనివి. ప్రతి విధి మరణం మీదా గనుల చట్టం తరహాలో నిర్ణీత గడువులో, ఆ ఠాణాకు సంబంధం లేని అధికారి చేత భద్రతా విచారణ జరగాలి. దోషిని పట్టడం దాని పని కాదు, కారణాన్ని పట్టడం దాని పని. రహస్యాలు తీసేసి ఆ నివేదిక సారాంశాన్ని ఏటా అక్టోబరు 21లోగా ప్రచురించాలి. సంస్మరణ సభలో పేర్లతో పాటు ఆ ఏడాది చావులు నేర్పిన పాఠాలు, మార్చిన నిబంధనలు చదవాలి. మరణించినవారు పనిచేసిన ఠాణా గోడ మీద వారి పేరు, హోదా, చనిపోయిన తేదీ, జరిగినదేమిటో నాలుగు వాక్యాల్లో ఉండాలి. శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు పల్లెల్లో జనం ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కేజీఎఫ్ వీధుల్లో తమిళం వినిపిస్తుంది, సభ మాత్రం కన్నడంలో జరుగుతుంది. ఆ నాలుగు వాక్యాలు మూడు భాషల్లోనూ ఉంటే ఠాణాకు వచ్చే మామూలు మనిషికి కూడా అందులో మనిషి కనిపిస్తాడు. పోలీసులతో కలిసి ప్రయాణిస్తూ చనిపోయిన డ్రైవర్లు, హోంగార్డులు, సహాయకుల పేర్లు కూడా అదే గోడ మీద ఉండాలి. అన్నిటికంటే ముందు వారానికి ఒక సెలవు, రాత్రి దూర ప్రయాణానికి ముందు తప్పనిసరి విశ్రాంతి కాగితం మీద కాక రోస్టరులో కనబడాలి.

ఇందులో ఏదీ ఢిల్లీ నుంచి రావాల్సిన పని లేదు. కోలార్, కేజీఎఫ్ ఎస్పీలు ఇద్దరూ తమ పరిధిలో మొదలుపెట్టగలరు. రాక్‌బరస్ట్‌ను విధి రాతగా వదిలేయకుండా కారణం వెతికి పట్టుకున్న ఊరు, కానిస్టేబుల్ చావును మాత్రం ఎందుకు వదిలేయాలి? వచ్చే అక్టోబరు 21న మీ జిల్లా కేంద్రంలో సభ జరిగితే వెళ్లండి, మౌనం పాటించండి. ఆ తర్వాత మీ ఎమ్మెల్యేను, మీ ఎస్పీని ఒక్క మాట అడగండి: కిందటేడు చదివిన పేర్లలో ఎన్నింటికి కారణం రాశారు, అందులో ఎన్ని కారణాలను ఈ ఏడాది తొలగించారు?